మంచినీళ్ళు అడిగే రూమ్మేట్

ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే మంచినీళ్ళు అడగడం మా రూమ్మేట్ అలవాటు. న్యూజెర్సీలో మేం చదువుకునే రోజుల్లో, ఊరి చివర రసాయనాలు పారబోసే డంప్ పక్కనే నల్లజాతివాళ్ళ వీధి ఒకటి ఉండేది. వాళ్ళ కుళాయిల్లోకి వచ్చే బావినీళ్ళు ఆ డంప్ వల్ల పాడైపోయాయి. డంప్ మూయించడానికి మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగి జనాన్ని టౌన్ మీటింగ్‌కి పిలిచేవాళ్ళం. అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన నా ఉపన్యాసం వినగానే తలుపులు చక్కగా మూసుకునేవి.

ఒక పెద్దావిడ కూడా మూయబోతుంటే వీడు ఇంగ్లీషులోనే, "కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. "ఈ నీళ్ళు నీకెలా ఇవ్వను, నాయనా?" అంటూ మెట్టు మీద కూలబడి, ఆ నీళ్ళతో పడ్డ అవస్థలన్నీ చీకటి పడేదాకా చెబుతూనే ఉంది.

"ప్లాన్ చేశావా ఏంట్రా?" అన్నాను దారిలో.

"దాహమేసిందిరా."

ప్లాన్ చేసుంటే క్షమించేవాణ్ణి.

మీటింగ్‌కి ఆవిడ వీధినంతా వెంటబెట్టుకొచ్చింది. ఎవరు మాట్లాడతారని అధికారి అడిగితే అందరూ వాడివైపే చూశారు. నేను గొంతు సవరించుకున్నాను. వాడు మైకు ఆవిడకిచ్చి, "మీరే చెప్పండమ్మా" అన్నాడు. డంప్ మూస్తామని అధికారి ఒప్పుకునేదాకా ఆవిడ ఆ మైకు వదల్లేదు.

హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అసూయ బయటికి వినపడకూడదంటే ఆ మాత్రం చప్పుడు కావాలి.