బండిదారి

కన్నడసీమ అంచు పల్లె బలసముద్రంలో దేవరాజు బండి ఎక్కనివాళ్లు తక్కువ. వెనక ఇనుప క్యారియర్ వెల్డింగ్ చేయించిన మోటార్ సైకిల్ అది. పొద్దున సోలార్ పలకలు కడిగే పనికి పోతుంది, సాయంత్రం గొర్రెలకు మేత మోస్తుంది. తండ్రి చిన్నరంగప్ప కంటి ఆపరేషనుకు బెంగళూరు, మొక్కుకు తిరుపతి, రెండూ దానిమీదే. ఎక్కడా మొరాయించలేదు. దాని సంగతి ఎత్తితే దేవరాజు కాస్త ఎక్కువే చెబుతాడు, భార్య రంజిత మూతి తిప్పుతుంది.

ఆ బండి సోలార్ పార్కు పుణ్యమే. తొమ్మిదేళ్ల కిందట చేను లీజుకిచ్చినప్పుడు కొన్నాడు. చేను నడుమ రెండు గుంటల జాగా మాత్రం ఇవ్వలేదు. వాళ్లమ్మను పూడ్చింది అక్కడే.

సంతకాలనాడు ఆఫీసరు పటం పరిచి, ఆ జాగాకు బండిదారి ఉంచాలా అని కన్నడంలో అడిగాడు. చిన్నరంగప్ప బయట బీడీ కాల్చుకుంటున్నాడు. జవాబు చెప్పింది దేవరాజే. ఎద్దులనూ బండినీ అమ్మి అప్పటికి నెల. జేబులో షోరూం రశీదు.

"బండి యాడుండాది సార్, అమ్మేసినాం. మాకింక బండిదారి ఎందుకు?" అన్నాడు నవ్వుతూ.

ఆఫీసరు పటంలో ఆ దారి గీత కొట్టేశాడు. ఊరిపటంలో బండిదారంటే ఎద్దులబండికే కాదు, మనిషి కాలినడకన పోవడానికీ అదే దారి అని దేవరాజుకు ఎవరూ చెప్పలేదు. తెలివైనవాడు కదా, అతనూ అడగలేదు.

ఇన్నేళ్లూ పెద్దల అమావాస్యనాడు వాచ్‌మన్ కృష్ణప్ప చూసీ చూడనట్టు గేటు తీసేవాడు. ఈ ఏడు కృష్ణప్ప లేడు. కొత్త గార్డు, కొత్త కెమెరా. దేవరాజు తన పనిపాసు చూపిస్తే అది వేరే ప్లాంటుదన్నాడు. జాగా మాదే అంటే పటం చూపించాడు. జాగా ఉంది, దారి లేదు. తీస్తే తన ఉద్యోగం పోతుందని గార్డు నెమ్మదిగానే చెప్పాడు. తిట్టడానికైనా చెడ్డవాడు కాకపోవడం దేవరాజుకు ఇంకా కష్టమనిపించింది.

వెనక సీటు మీద చిన్నరంగప్ప, ఒళ్లో మూట. అన్నం, వడలు, అలసందల కూర, పెళ్లానికి కొత్త చీర. మోకాళ్లు అరిగినవాడు, కంచె దూకే వయసా? దేవరాజు కంచె వెంట పది కిలోమీటర్లు బండి తిప్పాడు. మేకపిల్ల దూరే సందు కూడా లేదు. ఒకచోట ఆపి, తండ్రిని సీటు మీద నిలబెట్టి నడుము పట్టుకున్నాడు. కనపడిందా అని అడిగితే, అంతా అద్దాలే అన్నాడు ముసలాయన.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ బండి రచ్చ గెలిచింది, అంతే.

చేసేది లేక విస్తరి కంచె అడుగునే పెట్టారు. చీర మాత్రం చిన్నరంగప్ప వదల్లేదు, ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"బెంగళూరికి పోయింది కదప్పా ఈ బండి. మీయమ్మ కాడికి పోదా?"

"దారి లేదు నాయినా."

"ఉండె కదా. ఎవురు తీసేసినారు?"

ఆ గీత కొట్టించింది తనేనని దేవరాజు తొమ్మిదేళ్లుగా తండ్రికి చెప్పలేదు. ఇప్పుడు సిగ్గుతో తండ్రి మొహం చూడలేక బండెక్కాడు. అతను కిక్ కొట్టాడు. బండి ఎప్పటిలాగే మొదటి దెబ్బకే స్టార్టయింది.