ఒంటి రేల ఆకులు

కుళ్ళు నాకు పుట్టుకతో వచ్చిందో లేదో తెలియదు కానీ, ఆమె మా ల్యాబ్‌లో చేరిన వారం నుంచి మాత్రం నా కడుపు మండుతూనే ఉండేది. మాదాపూర్‌లో అద్దాల భవనాల మధ్య కూర్చుని మేం చేసేది అడవి రేల చెట్ల పని. వేసవిలో పసుప్పచ్చ పూలగుత్తులు వేలాడదీసే ఆ చెట్లు ఒక గుట్టకీ ఇంకో గుట్టకీ జన్యువుల్లో ఎంత వేరో తేల్చాలి. నగరం పెరిగేకొద్దీ గుట్టలు తరిగిపోతున్నాయి, అవి పోయేలోపు ఏయే రకాలున్నాయో రాసిపెట్టుకోవాలని మా సార్ తపన.

నేను గుంటూరులో ఎమ్మెస్సీ చేసి వచ్చి, ఏడేళ్లుగా ఇదే బల్ల దగ్గర ఉన్నాను. ఆమెది వికారాబాద్ వైపు, నాకంటే చిన్నది. ఏ గుట్ట వెనక ఏ చెట్టుందో ఆమెకి తెలుసు. మేకలు కాసేవాళ్ళంతా ఆమెకి మామలూ చిన్నమ్మలే. నేను రోజంతా తిరిగి నాలుగు చెట్ల ఆకులు తెస్తే, ఆమె మధ్యాహ్నానికే పది చెట్లవి తెచ్చి, "ఏం లేదక్కా, అడిగితే చెప్పిన్రు" అనేది. ఏం లేదట! పైగా నేను తెచ్చినవన్నీ దారి పక్క చెట్లు, ఒకే తల్లి పిల్లల్లా దగ్గర చుట్టాలని తేలాయి. ఆమెవి ఒకదానికొకటి పోలికే లేదు. మాకు కావలసిందీ అదే. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

ఆ జూన్‌లో తొలివాన పడ్డ గురువారం తడిసి ముద్దయి, గుప్పెడు ఆకులతో వచ్చి, ఫోన్‌లో ఫొటో చూపించింది. శంకర్‌పల్లి దాటాక బండల గుట్ట మీద ఒంటరి రేల. పూలు పసుపు కాదు, వెన్న రంగు.

"గిసొంటిది ఒక్కటే ఉందక్కా. ఒక్క కాయ గూడ పట్టలే. వచ్చే వారం గుట్ట చదును చేసి ప్లాట్లు చేస్తరంట" అంది.

సార్ కుర్చీలోంచి లేచి వచ్చి ఆ ఫొటో చూశారు. ఏడేళ్లలో నేను తెచ్చిన దేనికీ ఆయన లేవలేదు. "రిపోర్టుకి ఈ చెట్టే ప్రాణమమ్మా. డీఎన్‌ఏ బాగా వస్తే రిపోర్టు మీద మొదటి పేరు నీదే" అన్నారు. ఆ మొదటి పేరు నాదని అప్పటికే ఇంట్లో చెప్పుకుని ఉన్నాను నేను.

ఆకుల్ని మేం నీలం సిలికా గింజలున్న సంచిలో పెట్టి ఎండబెడతాం. తేమ పీల్చుకుంటే ఆ గింజలు గులాబీ రంగుకి తిరుగుతాయి. వెంటనే మార్చాలి, లేకపోతే ఆకు కుళ్ళి డీఎన్‌ఏ పాడవుతుంది. శుక్రవారం ఆఖరున వెళ్ళేవాళ్ళు అన్ని సంచులూ చూసి తాళం వేయాలని మా పద్ధతి. ఆ శుక్రవారం పాపకి జ్వరమని ఆమె రాలేదు. ఆఖరున మిగిలింది నేను.

ఆ వెన్న రంగు చెట్టు సంచి చూశాను. గింజలన్నీ గులాబీ. కొత్త గింజల డబ్బా నా మోచేతి పక్కనే ఉంది, రెండు నిమిషాల పని. మార్చలేదు. ఆవిడగారి చెట్టు కదా, ఆవిడే చూసుకుంటుందిలే అనుకున్నాను. అబద్ధం. ఆ ఆకులు కుళ్ళిపోవాలనే ఉంది నాకు. తాళం వేసి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి, సీటు దొరికిందని సంతోషపడ్డాను కూడా.

సోమవారం ఆమె సంచి విప్పితే నల్లటి బూజు. వెంటనే బండేసుకుని గుట్టకి పరుగెత్తింది. వచ్చే వారమన్నవాళ్ళు ఆదివారమే జేసీబీలు దింపారు. వేరు ముక్క కూడా దొరకలేదు. బట్టల నిండా ఎర్రమట్టితో తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"శుక్రారం మీరున్నరు గదా అక్కా. గింజలు అప్పటికే గులాబీ అయినయా?"

"నేను చూడలేదమ్మా" అన్నాను.

"చూడాల్సింది మీరే కదండీ?" అని సార్ నా మీద కేకలేశారు.

ఆమె అడ్డం పడింది. "అక్క చూస్తే మార్చకుంట ఉంటదా సార్? తడి ఆకు పెట్టింది నేను. తప్పు నాదే."

రిపోర్టులో మొదటి పేరు నాదే వచ్చింది. అందులో ఆ గుట్ట పేరుకి ఎదురుగా 'నమూనా లేదు' అని నేనే టైపు చేశాను. ఆమె స్వీటు డబ్బా తెచ్చి నా నోట్లో పెట్టింది. ఇప్పటికీ ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నాం. ఆమె చెట్లు కనిపెడుతుందన్న కుళ్ళు ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది వేరే కుళ్ళు: పక్కమనిషిని అలా నమ్మేసి ఆమె హాయిగా ఇంటికి వెళ్ళగలదు. నాకు మాత్రం ఎవర్ని చూసినా నేనే కనిపిస్తున్నాను.