నేను ల్యాప్‌టాప్ స్టాండునైన రోజు

కోర్టులకు తాళాలు పడిన ఆ కరోనా రోజుల్లో నాకున్న ప్రాక్టీసల్లా నల్ల కోటును వారానికోసారి మిద్దె మీద ఎండలో వేసి దులపడమే. ప్లీడరుగా పేరు నమోదు చేయించుకుని, కోవూరులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా కుదురుకుంటున్నానో లేదో లోకమే మూతపడింది. మా మేనత్త రోజూ తీగ మీది కోటును చూసి, "ఏమ్మే, యాడికీ పోని దానికి ఆ కోటు అంతగా దులపతా ఉండావెందుకు?" అని అడిగేది. అలాంటి సమయంలో పుండు మీద కారం చల్లినట్టు ఫోనుకు ఒక ప్రకటన వచ్చింది: 'తీరిక లేని న్యాయవాదుల కోసం ఆన్‌లైన్ వృత్తి శిక్షణ'. (తీరిక! ఆ రోజుల్లో మా దగ్గర అది తప్ప ఇంకేముందని?) తెర మీద కేసు ఎలా వాదించాలో నేర్పుతారట. చదివి నవ్వుకుని పడేసేదాన్నే గాని, మా సీనియర్ సార్ కోసం చేరక తప్పలేదు.

సార్ గురించి చెప్పాలి. కోర్టు గుమాస్తాలు ఆయనకు 'నిలువు ప్లీడరు' అని పేరు పెట్టారు. తన కేసు పిలవకముందే లేచి నిలబడేవారు, అయిపోయాక కూడా కాసేపు నిలబడే ఉండేవారు. వాదించేటప్పుడు వెనక్కి తిరిగి చూడరు. కుడి చెయ్యి మాత్రం వెనక్కి చాపుతారు. ఆ చేతిలో ఆ క్షణానికి కావలసిన పుస్తకాన్ని, కావలసిన పేజీ తెరిచి పెట్టడమే జూనియర్ పని. ఒకసారి నేను కంగారులో నా టిఫిను డబ్బా పెట్టేశాను. ఆయన దాన్నే పైకెత్తి, "ఈ తీర్పు ప్రకారం" అంటూ రెండు వాక్యాలు చెప్పేశారు. జడ్జి గారు కూడా నవ్వారు. నేను మాత్రం ఆ సాయంత్రం ఈ వృత్తి మానేసి టైలరింగు నేర్చుకుందామా అని నిజంగానే ఆలోచించాను.

ఆయన చేతిలో అప్పుడు ఒక కేసు నలుగుతోంది. అల్లూరు వైపు నుంచి ఒకావిడ, మేమంతా అక్క అనేవాళ్లం, భర్త పోయాక ఉన్న ఒక్క కయ్యలో వరి పండించుకుని బతుకుతోంది. ఆ కయ్యను ఆనుకుని పక్కవాడు రొయ్యల గుంట తవ్వాడు. అందులో ఉప్పునీళ్లు పెడితే అవి ఊరి ఊరి ఈమె నేలలోకి దిగుతాయి, దిగితే ఆ నేలలో ఇంక వరి మొలవదు. నీళ్లు పెట్టకుండా ఆపమని ఇంజంక్షన్ కోసం పిటిషన్ వేశాం. అత్యవసరం కాబట్టి విచారణ వీడియోలో జరుగుతుందన్నారు. గుంట గట్లు పూర్తయ్యాయి, మోటార్లు కూడా దించారని అక్క ఫోను చేసింది. సార్ ఆ రోజే శిక్షణలో చేరారు.

మొదటి తరగతిలోనే అభాసుపాలయ్యాం. నేర్పేవారు ఒక రిటైర్డ్ జడ్జి గారు. ముఖం కెమెరాకు సూటిగా ఉండాలి, చేతులు ఊపకూడదు, కూర్చుని నెమ్మదిగా మాట్లాడాలి అన్నారు. సార్ వంతు వచ్చింది. పైన కోటు, మెడకు ప్లీడర్ల తెల్ల బ్యాండు, కింద నీలం గళ్ల లుంగీ. నోరు తెరిచారు, మాట రాలేదు. జిల్లా అంతా పేరున్న మనిషి, ఒక్క మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. చివరికి ఇక ఉండబట్టలేక దిగ్గున లేచి నిలబడ్డారు, మాట గంగలా వచ్చింది. కాకపోతే తెర మీద కనిపించేది ఆయన పొట్ట, దాని కింద లుంగీ ముడి. "ప్లీడరు గారూ, వాదన బాగుంది గాని మీ పొట్ట వాదిస్తోందండీ, ముఖం చూపించండి" అన్నారు జడ్జి గారు. తెర మీది చిన్న చిన్న గళ్లలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సార్ నవ్వలేదు, నెమ్మదిగా ల్యాప్‌టాప్ మూత వేసేశారు.

"నా వల్ల కాదు పాపా" అన్నారు మర్నాడు. "ఆ తెర ముందర కూచుంటే నాలిక లేవట్లా. అక్క ఫైలు తిరిగిచ్చేద్దాం. నెల్లూర్లో కుర్రోళ్లుండారు, వాళ్లకి ఇయ్యన్నీ వచ్చు." నేనే అక్కకు ఫోను కలిపి స్పీకరులో పెట్టాను. ఆమె అంతా వింది. "కుర్రోళ్లుండారని నాకూ తెలుసు సారూ. మీరు లేచి నిలబడితే ఎదటోళ్ల ప్లీడరు కాయితాలు సర్దుకుంటా ఉంటాడు, కళ్లారా చూసినా. ఉప్పునీళ్లు ఒక్కసారి దిగినాయంటే నా జన్మలో మళ్లీ నారు పొయ్యను. మీరొద్దంటే నేనింకెవురి కాడికీ పోను" అంది. ఫోను పెట్టేశాక సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. వీధిలో చూడ్డానికి కుక్క కూడా లేదు.

కూర్చుంటే మాట రాదు, నిలబడితే ముఖం రాదు. అలాంటప్పుడు తెరనే పైకి లేపితే పోలా అని నాకు తోచింది. (పెద్ద తెలివనుకుని చాలా రోజులు మురిశాను.) ఆఫీసు గదిలో గోడ పొడుగునా పాత తీర్పుల సంపుటాలు, ఎర్ర అట్టలవి, ఇటుకలంత లావున ఉండేవి. వాటి మీద టీ గ్లాసు పెట్టినందుకు ఒక గుమాస్తా ఉద్యోగం పోయిందని చెప్పుకునేవారు. వాటినే దించి టేబుల్ మీద దొంతరగా పేర్చి, పైన ల్యాప్‌టాప్ పెట్టాను. సార్ ఒక్కో పుస్తకాన్నీ కళ్లకద్దుకుని మరీ అందించారు. తర్వాతి తరగతిలో నిలబడి వాదించారు, ముఖం సూటిగా కనిపించింది. జడ్జి గారు 'భేష్' అన్నారు. ఆ పూట సార్ ఇల్లాలు, అమ్మగారు, మాకు పెసరట్లు వేసి పెట్టారు.

విచారణ రోజు కరెంటు పోలేదు, సిగ్నలూ పోలేదు. దానికే సగం గెలిచామనుకున్నాను. సార్ ఎప్పటిలా మొదలుపెట్టారు. ఎప్పటిలా ఆయన వెనక నేను. వాదన పాకాన పడుతుండగా కుడి చెయ్యి వెనక్కి వచ్చింది. ఏ తీర్పు కావాలో నాకు తెలుసు. అల్మరా వైపు తిరిగాను. ఆ పుస్తకం ఉండాల్సిన చోట ఖాళీ. అది అందరికన్నా లావుది కాబట్టి నేనే దాన్ని ఏరికోరి దొంతరలో అట్టడుగున పెట్టాను. చేతివేళ్లు 'తే, తే' అంటున్నాయి. టేబుల్ అవతలికి పోయి, బీరువాలో అడుగు చీర లాగినట్టు నెమ్మదిగా లాగితే వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు, మొత్తం దొంతరే ఒరిగింది. పుస్తకాలు దబదబా కూలాయి. ల్యాప్‌టాప్ మాత్రం ఎలాగో నా చేతుల్లో పడింది.

"ప్లీడరు గారూ, మాకు ఫ్యాను కనిపిస్తోంది. ఏమైనా కూలిందా?" అన్నారు కోర్టు జడ్జి గారు. "లేదు యువరానర్, మా తరఫు తీర్పులు కాస్త బరువెక్కువ" అన్నారు సార్, గొంతు ఏమాత్రం చెదరకుండా. నేను ల్యాప్‌టాప్‌ను గుండెలకానించి పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు చూశాను. ఆయన వీపు నాకు కంఠతా వచ్చు, కోటు కాలరు ఎక్కడ వెలిసిందో కూడా తెలుసు. వాదించేటప్పుడు ఆయన ముఖం మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఆ ముఖం నిండా భయం. పెదాలు ఎండిపోయాయి, కణతల మీద చెమట కారుతోంది, కళ్లు బడిలో పాఠం మరిచిన పిల్లవాడి కళ్లు. గొంతు మాత్రం మా నిలువు ప్లీడరుదే. చెయ్యి ఇంకా వెనక్కి చాపే ఉంది, వేళ్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఎదురుచూస్తున్నాయి. వెనక ఎవరూ లేరు.

కాసేపటికి ఆ చెయ్యి ముందుకు వచ్చేసింది. "యువరానర్, పుస్తకం కింద పడింది. అది లేకుండానే మనవి చేస్తాను. తమరు ఆలస్యంగా ఇచ్చిన ఉత్తర్వు కూడా ఉత్తర్వే. కాని ఒకసారి నేలలో దిగిన ఉప్పు, ఉత్తర్వు చూసి బయటికి పోదు" అన్నారు. అంతే. ఎదుటి ప్లీడరు చాలా ఆవేశంగా ఏదో అన్నారు గాని, మైకు వేసుకోవడం మరిచిపోయారు. (ఆయన తరగతులకు రాలేదు.) గుంటలో నీళ్లు పెట్టకూడదని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. ఫోనులో అక్క ఏడ్చింది.

సార్ కింద కూర్చుని పుస్తకాలకు దుమ్ము ఊదుతున్నారు. తలెత్తకుండానే, "చూసినావా?" అన్నారు. "దేన్ని సార్?" అన్నాను. "నా మొగం." నేను ఒక పుస్తకం ఎత్తి ఆయనకు అందించాను. "మొదట్నించీ ఇంతే పాపా. కూచుంటే ఆ భయం నోట్లోనే ఉండిపోద్ది, మాట రానీదు. నిలబడితే కాళ్లలోకి దిగిపోద్ది. అందుకే జూనియర్లని వెనకాల పెట్టుకుంటా. ఎవురికీ చెప్పబాక."

చెప్పలేదు. కోర్టుల తాళాలు తీసేనాటికి సార్ లేరు. ఆ జబ్బే తీసుకుపోయింది, చివరి చూపుకు కూడా మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. అక్క కొత్త బియ్యం మూట పంపింది గాని, అది వచ్చేసరికి ఆ ఇంట్లో అమ్మగారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఎర్ర అట్టల పుస్తకాలన్నీ నాకు ఇచ్చేశారు. వాటిని ఆటోలో వేసుకుని వస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

ఇప్పుడు నాకు నిజంగానే తీరిక లేదు. శిక్షణ పాఠాలు కారులో, ఆడియో వేగం పెంచి వింటాను. పెన్నా వంతెన మీద సిగ్నల్ పోతుంది కాబట్టి అక్కడ చెప్పిన చట్టం నాకు రాదు. మొన్న ఒక తరగతిలో నేర్పేవారు ఉన్నట్టుండి నా పేరు పిలిచి వాదించమన్నారు. కూర్చుంటే నాలిక లేవలేదు. ఏం చేస్తున్నానో తెలిసేలోపు లేచి నిలబడ్డాను, తెర మీద నా పొట్ట, నవ్వులు. కుడి చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. నా జూనియర్ పిల్ల వాళ్లింట్లో కూర్చుని, అదే తెరలో ఓ మూల గడిలో ఉంది. తరగతి అవగానే ఫోను చేసింది.

"మేడం, లేచే ముందర మీ మొగం చూసినా. భయపడినట్టున్నారే?"

"చూసినావా?" అన్నాను. "ఎవురికీ చెప్పబాక."

మర్నాడు ఎర్ర అట్టల పుస్తకాలు దించి టేబుల్ మీద దొంతర పేర్చాను. అన్నిటికన్నా లావు పుస్తకం మాత్రం విడిగా తీసి, వెనక స్టూలు మీద, చెయ్యి చాపితే అందేలా పెట్టుకున్నాను. ఆ రోజు ల్యాప్‌టాప్ మోసిన అమ్మాయికి ఈపాటి బుర్ర లేకపోయిందే అని నవ్వొచ్చింది. ఉండి ఉంటే, ఆయన ముఖం చూసి ఉండేదాన్ని కాదు.