ఎవురి గుంటవో గానీ

మా పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టే పని ఈమధ్య నాదే. ఎండకి కాలిన ఇసక మీద మొదటి చెంబు పడగానే ఒక ఆవిరి వాసన లేస్తుంది చూడండి, అది ముక్కుకి తగిలితే చాలు, ఎనభైకి దగ్గరపడ్డ దాన్ని, తొమ్మిదేళ్ళ ఆడపిల్లనై, మావైపు మాటలో గుంటనై, పలాసకి తూర్పున ఉద్దానంలో మా కొబ్బరితోటలో చంకన కుండతో నిలబడిపోతాను.

ఆ రోజుల్లో మా ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్నదంతా ఇసకే. ఎండాకాలం వచ్చిందంటే దారికిరుపక్కలా మొగలి కంచెలు, గాలినిండా జీడిపళ్ళ పులిసిన వాసన, పనసకాయ కోసిన చేతికి ఎంత నూనె రాసినా వదలని జిగురు, పొద్దున్నే చోళ్ళ, అంటే రాగుల, అంబలిలోకి ఉల్లిపాయో కాల్చిన ఎండుచేపో, మధ్యాహ్నం తాటిముంజెలు. ఇసకలో నాలుగు మూరలు తవ్వితే నీళ్ళు ఊరేవి. ఆ నేలనూతుల్లోకి దిగి ముంచుకొని, మగవాళ్ళు కావిడితో, ఆడవాళ్ళు నెత్తిన కుండతో ఏళ్ళ తరబడి మోసి పోస్తేగానీ కొబ్బరిమొక్క బతికేది కాదు. ఇంట్లో బిడ్డ పుడితే ఒక మొక్క నాటి, ఆ చెట్టుని ఆ బిడ్డ పేరుతోనే పిలిచేవారు. నాన్న చెట్టు, అత్తల చెట్లు, చివరి వరసలో నా చెట్టు, అన్నీ మా నాన్న తల్లి, మామ్మ, నీళ్ళు మోసి పెంచినవే.

నా తొమ్మిదో ఏట మామ్మకి మతి జారడం మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. కొత్తామాస పండక్కి బూరెలు వండుతూ పూర్ణం మరిచి ఉత్త పిండే నూనెలో వేసింది. మేం నవ్వాం, ఆవిడా నవ్వింది. ఆ వేసవిలో మాత్రం నవ్వడానికేమీ మిగల్లేదు. ఎప్పుడో కాపుకొచ్చిన చెట్లని మొక్కలనుకొని కుండ పట్టుకొని తోటలోకి పోయేది, పోసిన చెట్టుకే మళ్ళీ పోసేది. ఒకరోజు నూతి అంచు జారి నడుములోతు నీళ్ళలో కూలబడింది. టెక్కలి డాక్టరు దీనికి మందు లేదన్నాడు. నాన్న వచ్చి ధాన్యం గది తలుపుకి బయట గొళ్ళెం బిగించాడు.

"ఇలాగొగ్గేత్తే నూతిలో పడి సత్తాది. ఇంక గదిలోనే ఉంచాలి," అన్నాడు. చెట్టంత మనిషి, మేకు కొడుతూ ఏడ్చాడు.

ఆ చీకటిగదిలో మామ్మని ఊహించుకోలేకపోయాను. "మామ్మతో నాను కూడా తోటకి ఎల్తాను నాన్నా. నూతి కాడికి పోనివ్వను," అన్నాను.

"ఇంకొక్కపాలి పడిందంటే గొళ్ళెవే," అన్నాడు.

ముంచి తేవడం నా వంతు, పోయడం ఆవిడ వంతు. తోటి పిల్లలు జీడిపిక్కలాడే కేకలు తోటదాకా వినిపిస్తుంటే ఒళ్ళు మండిపోయేది. మంచిదాన్నేం కాదు నేను, కుండ సగమే నింపేదాన్ని. పైగా ఆవిడకి చెట్లన్నీ తెలుసు, నేనే తెలియను. నా చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, దాన్ని నిమురుతూ, "ఇది మా మనవరాలిది. గుంట ఏటి తిందో ఏటో," అనేది, నాతోనే.

"నానే మామ్మా నీ మనవరాల్ని," అని ఏడ్చేదాన్ని. పరాయి పిల్లని చూసినట్టు మర్యాదగా నవ్వేది.

సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాక గుమ్మంలో ఆగి, నాకు రెండు చేతులూ జోడించి, "ఎవురి గుంటవో గానీ నాకోసం ఇంత కట్టపడ్డావు. మీ యమ్మ కడుపు సల్లగుండ," అనేది. పెద్దవాళ్ళు దణ్ణం పెడితే పిల్లలకి ఆయుష్షు తగ్గుతుందని అమ్మ హడలిపోయేది. ఏమీ తగ్గలేదు లెండి.

మా ఇళ్ళల్లో పిల్లలు చేసిన పనికి మెప్పులుండవు. నన్ను గుర్తుపట్టి ఉంటే మామ్మ "సగం కుండ తెచ్చీసినావేటే" అని మొట్టికాయ వేసేది. గుర్తుపట్టలేదు కాబట్టి రోజూ కొత్తగా దీవించింది. ఆ మాట కోసం సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూడటం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. కుండ నిండా తేసాగాను, నేనెవరో చెప్పడం మానేశాను.

మామ్మ మళ్ళీ నూతిలో పడలేదు, ఆ గొళ్ళెం ఎవరూ వెయ్యలేదు. వానలు దిగి ఇసక దానంతటదే తడిశాక ఆవిడ నీళ్ళ సంగతీ మరిచిపోయింది. ఆ చలికాలంలో పోయింది.

ఇప్పుడక్కడ మా పేర్ల చెట్లు లేవు, తుపాను వరసలకి వరసలే కూల్చేసింది. నేలనూతులు పూడిపోయి మోటార్లు వచ్చాయి. బిడ్డ పుడితే మొక్క నాటే ఇల్లు ఒక్కటీ కనబడలేదు. పోయినేడు వెళ్ళి, నా చెట్టు ఉండిన చోట కాసేపు నిలబడ్డాను. నేను మోసింది ఒక్క వేసవి. నేను నడక నేర్చి, మాటలు నేర్చి, ఇసకలో పరిగెత్తేదాకా నా చెట్టుకి ఆవిడ ప్రతి వేసవీ మోసింది. నేనెవరో తెలియకుండానే మామ్మ నాకు రోజూ దణ్ణం పెట్టింది. ఆవిడెవరో బాగా తెలిసిన దాన్ని, నేను ఒక్కనాడూ పెట్టలేదు.