పులిహోర బండిలో నెత్తళ్ళ గంప

ఆకలినీ, దాన్ని తీర్చుకునే చేతుల్నీ కలిపే ఇచ్చిన శ్రీమన్నారాయణుడికి ముందుగా నమస్కారం. ఆ చేతులు అందరికీ ఇచ్చాడన్న సంగతి మా సత్సంగానికి ఆలస్యంగా తెలిసింది.

సముద్రం ఇళ్ళు కోసేసుకుపోతే, ఒడ్డున ఉండే మత్స్యకారులకి ఊరికి దూరంగా కాలనీ కట్టి ఇచ్చారు. శ్రీకాకుళం నుంచి ప్రతి శనివారం మేం వ్యానులో పులిహోర తీసుకెళ్ళేవాళ్ళం. ముందు నేను చెప్పే పురాణం, తర్వాత ఫొటో, ఆ తర్వాతే పొట్లం. "మీరు మీ కాళ్ళ మీద నిలబడాలి" అని మా అధ్యక్షుడుగారు ప్రతివారం చెప్పేవారు. పొట్లం కోసం వాళ్ళు నేలమీద కూర్చుని వినేవారు. అగరొత్తులు చుట్టడం కూడా నేర్పాం. కొనేది మేమే.

ఒక శనివారం ఫొటో అయ్యాక, భర్త పోయిన ఒకావిడ ఎండు నెత్తళ్ళ గంపతో వ్యాను దగ్గరకి వచ్చింది. వాసన వస్తోందని ఆటోవాళ్ళు ఎక్కించుకోవడం లేదట. మబ్బు పట్టి ఉంది. తడిస్తే గంపంతా పారబోయడమే.

"బావూ, మీ బండి కాళీగా ఎల్తాది గదా. నన్నూ గంపనీ బజారుకాడ దింపీండి."

"ప్రసాదం తెచ్చే బండమ్మా ఇది!" అన్నారు అధ్యక్షుడుగారు.

అక్కడికక్కడే కమిటీ కూర్చుంది. పసుపునీళ్ళతో కడిగితే చాలునా, హోమం కావాలా? శాస్త్రం చదివినవాణ్ణి కనక, పచ్చి చేపకీ ఎండు చేపకీ మైలలో తేడా ఉందేమోనని నేనో సందేహం లేవదీశాను. చినుకు మొదలైంది.

ఆవిడ కొంగు తీసి గంప మీద కప్పి, నా వైపు తిరిగింది. "ఇందాక నువ్వే సెప్పినావు గదా బావూ, సామి సేపై మనువు పడవ లాగినాడని. ఆ సేపకి దండం పెట్టించినావు. నా సేప బండెక్కితే మైలేటి?"

డ్రైవరు పక్కున నవ్వాడు. పురాణం చెప్పింది నేను, విన్నది ఆవిడ. గంపకి ఒక పక్క నేను పట్టాను. అధ్యక్షుడుగారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని బజారుదాకా రామనామం చేశారు. అంత ఏకాగ్రత ఆయనలో అంతకుముందు చూడలేదు.

తర్వాతి శనివారం ఆవిడ వరసలో కూర్చోలేదు. మరో నలుగురితో, ఐదు గంపలతో తిన్నగా వ్యాను దగ్గరకే వచ్చింది.

"పులిహోరో?" అన్నాను.

"తినీసొచ్చినాం. మీరు తినండి బావూ."

ఇప్పుడు ఫొటోలో జనం పలచబడ్డారని కమిటీకి బెంగ. సేవ చేయడానికి ఇంకో కాలనీ వెతుకుతున్నారు.

చదివేవారు నాతోపాటు చేతులు జోడించండి. స్వామీ, ఈ శనివారం వాన ఆపు. గంపలన్నీ ఖాళీ చెయ్యి. మా పులిహోర మాకే మిగుల్చు.