ఏడో మగ్గం కింద వేప మొద్దు

2022 వానాకాలం. భివండి నార్పోలిలో సత్తయ్య సేట్ షెడ్డులో పన్నెండు పవర్‌లూమ్‌లు ఉండేవి. నేను అక్కడ జాబర్‌ని. జాబర్ అంటే మగ్గాలు బిగించి, పాడైతే బాగుచేసే మేస్త్రీ. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ పని మనిషికి మొదట నేర్పేది అనుమానం. పట్టా తెగితే ఎవడో కోశాడనిపిస్తుంది. నట్టు ఊడితే ఎవడో తిప్పాడనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే కావడంతో నా బుర్ర అలాగే తయారైంది.

ఆ ఏడాది ఏడో మగ్గం నన్ను ఏడిపించింది. దానికి లెవెల్ కుదరదు. లెవెల్ అంటే మగ్గం నాలుగు కాళ్లూ సమంగా నిలబడటం. అది తప్పితే షటిల్, అంటే పేక నూలు కండెను మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే చెక్క, దారి తప్పి బయటికి ఎగురుతుంది. సోమవారం సరిచేస్తే శనివారానికి మళ్లీ వంకర. ఎప్పుడు చూసినా వెనక కాలి బోల్టు వదులు.

ఆ మగ్గం నడిపేది మల్లేశం. కరీంనగర్ వైపువాడు, ఊళ్లో గుంట భూమి లేదు. కూతుర్ని ఇక్కడి మరాఠీ బడిలో చదివించుకుంటున్నాడు. నెమ్మదైన మనిషి. నెమ్మదైనవాళ్లంటే నాకు ఇంకా అనుమానం.

ఒక పొద్దున ముందే వెళ్లి నూలు సంచుల చాటున నిలబడ్డాను. మల్లేశం వచ్చాడు, చెప్పులు విడిచాడు, అటూ ఇటూ చూసి వెనక కాలి దగ్గర వంగాడు. చెయ్యి కదిలింది. లేచి, ఏమీ ఎరగనట్టు స్విచ్ వేశాడు. దొంగ దొరికాడనుకున్నాను. అడిగితే నిజం చెప్తాడా అని అతన్ని అడగలేదు. నేరుగా వెళ్లి సేట్ చెవిన వేశాను.

"పొద్దుగాల బోల్టు కాడ వంగుతున్నడు సేట్. మొన్న పగార్ పెంచుమన్నడు గద, గా కోపం కావచ్చు."

సేట్ సాక్ష్యం అడిగే మనిషి కాదు. ఆ వారమే షటిల్ ఎగిరి పక్క మగ్గం మనిషి భుజానికి తగిలింది. మగ్గాలు మోగుతుండగానే సేట్ మల్లేశం చెయ్యి పట్టి అందరూ చూస్తుండగా బయటికి గెంటాడు. మల్లేశం ఏదో చెప్పాడు. పెదాలు కదలడం చూశాను గానీ ఆ మోతలో మాట వినపడలేదు.

అతని చోట కొత్త మనిషి వచ్చాడు. పది రోజులు గడవకముందే ఏడో మగ్గం షటిల్ మళ్లీ ఎగిరింది. కొత్తవాడికి నట్టు ఎటు తిప్పాలో కూడా తెలియదు మరి. మగ్గం ఆపి, సుత్తితో గచ్చు మీద కొట్టుకుంటూ పోయాను. అంతటా గట్టిగా మోగింది, వెనక కాలి దగ్గర మాత్రం డొల్ల.

"సేట్, ఈడ ముందుగాల ఏముండె?"

"ఎండిన యాపచెట్టు. తీసేసినమని నీకు చెప్పలే?"

నిజమే, మగ్గాలు బిగించిన రోజే చెప్పాడు. లోకాన్నంతా అనుమానించే నేను ఆ ఒక్క మాట మాత్రం నమ్మి మరిచిపోయాను.

"ఏర్లతోని తీసిండ్రా?"

గడప దగ్గర కండెలు సర్దుతున్న సేట్ వాళ్లమ్మ తలెత్తింది.

"యాప అంటే పోశవ్వ తల్లి చెట్టు. మీదిది కొట్టనిచ్చిన, ఏర్లు పెకిలియ్యనియ్యలే. మొద్దుకు పసుపు వెట్టి గచ్చు పోపిచ్చిన. రోజు చిటికెడు పసుపు వెయ్యి బిడ్డా అని మల్లేశానికి నేనే చెప్పిన. కొడుకు నవ్వుతడని చాటుగ వెయ్యుమన్న."

"గందుకే ఎల్లగొట్టినం అవ్వా ఆయన్ని," అన్నాను.

"నాకెవలు చెప్పిండ్రు?" అంది అవ్వ.

అప్పుడు కనిపించింది నాకు, మగ్గం కాలి పక్కన నూనె మరకల్లో కలిసిపోయిన పసుపు.

చెట్టు కొట్టిన నాడే అయితే ఆ మొద్దు ఇద్దరు కూలీలకు ఒక పూట పని. ఇప్పుడు రెండు మగ్గాలు విప్పాలి, గచ్చు పగలగొట్టాలి. జేసీబీ షెడ్డులోకి రాదు కాబట్టి అంతా గడ్డపారలతోనే. అవ్వ కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని మొక్కి, తవ్వమంది. ఆరు రోజులు పట్టింది. మొద్దును చెదలు తిని గుల్ల చేశాయి. మగ్గం అదురుకు అది కొద్దికొద్దిగా కుంగుతోంది, దాంతో బోల్టు తనంతట తానే వదులవుతోంది. సేట్ ఖర్చు తలచుకుని గొణుగుతూనే ఉన్నాడు. నా మనసంతా మల్లేశం మీదే ఉంది.

వెతుక్కుంటూ వెళ్తే అతను పక్క ఊరు కాల్హేర్‌లో ఒక గోదాములో మూటలు మోస్తున్నాడు.

"తప్పు నాదే మల్లేశం. సేట్ తోని మాట్లాడిన, పనికి రా."

అతను మూట దింపి మెడ తుడుచుకున్నాడు. "నన్ను దొంగ లెక్క గెంటింది అందరు సూసిండ్రు నర్సన్నా. తప్పు నీదని నేనొక్కన్నే ఇంటే ఎట్ల?"

"షెడ్డుల అందరి ముంగట చెప్త."

"మగ్గాలు బందు వెట్టి చెప్పు. గా సప్పుడుల నేను చెప్పింది ఎవలకన్న ఇనవడ్డదా?"

మర్నాడు మల్లేశం షెడ్డుకు వచ్చాడు. నడిచే మగ్గాలు ఆపడానికి సేట్ ఒప్పుకోలేదు. అవ్వే లేచి వెళ్లి మెయిన్ స్విచ్ దించింది. పన్నెండు మగ్గాలూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏం చూశానో, ఏం ఊహించానో, అతన్ని ఎందుకు అడగలేదో అన్నీ చెప్పాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పనితో వచ్చిన నా అనుమానమూ అంతే. కానీ ఇప్పుడు ఏ మగ్గం తప్పినా, పానా పట్టకముందు దాన్ని ఆపుతాను. ఆపి, నడిపే మనిషిని అడుగుతాను.

ఆ రోజు మల్లేశం నా మాట అయ్యాక చెప్పులు విడిచి ఏడో మగ్గం దగ్గరికి నడిచాడు. కింద వేరు లేదని తెలిసినా వెనక కాలి దగ్గర వంగి పసుపు వేశాడు. ఈసారి అటూ ఇటూ చూడలేదు.