కాటాగారి ఒరిగిన కారు

కాటాగారికున్న జబ్బు ఒక్కటే: మనిషి కనబడితే చాలు, బరువెంతని అడగడం. కుశలప్రశ్నలన్నీ ఆ తర్వాతే. పెళ్లికెళ్లినా అదే, పరామర్శకెళ్లినా అదే. ఆ పేరు జనం ఊరికే పెట్టలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కట్టుకున్న భార్యకు కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తురాదు.

రేసు ట్రాక్ మీద తిరిగే కార్లకు స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ జత కుదర్చడం ఆయన పని. పిల్లకు సంబంధం చూసేవాళ్లకు కూడా అంత పట్టింపు ఉండదు. బండినీ మనిషినీ మోసేది స్ప్రింగు. ఎగిరిపడే స్ప్రింగును పట్టి కూర్చోబెట్టేది షాక్ అబ్జార్బరు. గట్టి స్ప్రింగు పక్కన మెత్తటి షాక్ అబ్జార్బరును పెడితే కారు మలుపులో గంతులేస్తుంది. మెత్తటి స్ప్రింగు పక్కన మరీ గట్టిదాన్ని పెడితే కుంగిన కారు లేవనే లేవదు. ఇదంతా కుదరాలంటే కూర్చునేవాళ్ల బరువు తెలియాలట. సరే, తెలియాలి. జన్మలో రేసు కారెక్కని మేనత్తల బరువు ఈయనకెందుకు?

వియ్యపురాలు మొదటిసారి ఇంటికొస్తే గుమ్మంలోనే అడిగాడు. ఆవిడ కాఫీ ముట్టకుండా వెళ్లిపోయింది. పళ్ల డాక్టరమ్మ ఆయన నోట్లో చేతులు పెట్టి ఉండగా, మాట పెగలక, వేళ్లతో సైగ చేసి మరీ అడిగాడు. పక్కనున్న భార్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీది దంతాల బొమ్మను చూస్తూ కూర్చుంది.

"మనుషుల్ని మనుషుల్లా చూడటం రాదా మీకు?" అంది ఇంటికొచ్చాక.

"చూశాగా. డెబ్బై రెండుంటుంది."

అంతమందిని అడిగిన ఆ నోరు ఆవిడనొక్కదాన్నే ఎన్నడూ అడగలేదు. ఆవిడ కాస్త బొద్దు. 'కాస్త' అనేది మర్యాదకు. తన అంకె వినడానికే ఆయనకు సిగ్గని ఆవిడ తీర్మానించుకుంది. పైకి అనలేదు గాని, ముల్లు ముల్లే.

ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కార్లు ఒక చుట్టు తిప్పే రోజొకటి ట్రాక్ వాళ్లు పెట్టారు. ముందుగా టైర్ల వ్యాపారి భార్య ఎక్కింది. ఆవిడా ఒళ్లున్న మనిషే. కారు ఒకవైపు కుంగి, మలుపులో అడుగు నేలకు రాసుకుని కీచుమంది. లగేజీ ఎక్కువైందని మొగుడే పళ్లికిలించాడు. జనం నవ్వారు. ఆవిడ దిగి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. తర్వాతి వంతు తనదేనని కాటాగారి భార్య జనం వెనక్కి జరిగింది.

అప్పుడొచ్చింది కాటాగారి కారు. ఆయన కూర్చున్న వైపు కిందికి, ఖాళీ సీటున్న వైపు పైకి, చంకలో కర్ర పెట్టుకున్నట్టు ఒరిగి వచ్చి నిలబడింది. ఊరందరి బళ్లూ సరిచేసే మనిషి సొంత బండి చూడండని ట్రాక్ మేనేజరు మైకులో వెక్కిరించాడు. ఆయన వంగి ఇవతలి తలుపు తెరిచాడు.

"నేను రాను. ఇప్పటికే వంకరగా ఉంది," అంది భార్య.

"అందుకే రమ్మంటున్నా."

నలుగురిలో వాదించలేక, కళ్లు మూసుకుని సీట్లో కూలబడింది. కారు నెమ్మదిగా కిందికి దిగి, ఒక్క ఊపు కూడా ఊగకుండా, బల్లపరుపుగా నిలబడింది. మైకు నోరు మూతపడింది. చుట్టంతా తిరిగినా ఎక్కడా అడుగు తగల్లేదు, గంతు వెయ్యలేదు. ఆ వైపు స్ప్రింగు, దాని పక్కన షాక్ అబ్జార్బరు, రెండూ ఆవిడ కోసమే కుదిర్చినవి.

కారు ఆగాక అడిగింది: "నా బరువు మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఇంటి కారులో నువ్వు కూర్చున్నప్పుడు చక్రం మీద సందు ఎంత తగ్గుతుందో చూస్తుంటా. ఆ స్ప్రింగు గట్టితనం నాకు తెలుసు. మిగతాది లెక్కేగా."

"అందరినీ అడుగుతారుగా. నన్నూ అడగొచ్చుగా."

ఆయన స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. "పెళ్లయిన కొత్తలో మా పెద్దక్క అడిగిందిగా. నువ్వు రెండు పూటలు భోజనం మానేశావు."

ఆవిడ ముఖం కందిపోయింది. ఇన్నేళ్లూ ఆయన మీద మోపిన సిగ్గంతా ఇప్పుడు తన నెత్తికే వచ్చింది. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇంతకీ ఎంతో చెప్పనా?" అన్నాడు.

"చెప్పారంటే దిగిపోతాను."

"దిగకే. అందరూ చూస్తున్నారు, కారు ఒరిగిపోతుంది."